పొట్టలోని సింపథెటిక్ నరాలు: కాగితం మీద గీసి, టేబుల్ మీద వెతికి పట్టుకోవడం ఎలా

ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్‌లో అబ్డామెన్ మొదలయ్యాక ధమనులు ఎలాగోలా వచ్చేస్తాయి, ఎందుకంటే అవి కంటికి కనిపిస్తాయి, చేతికి దొరుకుతాయి. సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా రక్తనాళాలని బిగించే, పేగుని నెమ్మదింపజేసే నరాల) దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది స్ప్లాంక్నిక్ నరాలకి గ్రేటర్ టి5 నుంచి టి9, లెసర్ టి10, టి11, లీస్ట్ టి12 అని ఒక పట్టిక బట్టీ పట్టి, వైవాలో అప్పజెప్పి, వారం తిరక్కముందే మర్చిపోతారు. ఫైనల్ ఇయర్‌లో సర్జరీ పోస్టింగ్‌కి వెళ్లాక అపెండిసైటిస్ నొప్పి బొడ్డు దగ్గర ఎందుకు మొదలైందని అడిగితే మళ్లీ మొదటికొస్తుంది వ్యవహారం.

నిజానికి ఈ టాపిక్ అంతా రెండు ప్రశ్నల మీద నిలబడి ఉంది. నరం సినాప్స్ (తర్వాతి నరకణంతో కలిసే చోటు) ఎక్కడ చేసుకుంటుంది? ఆ తర్వాత ఏ ధమనిని పట్టుకుని వెళ్తుంది? ఈ రెండింటికీ మీ అంతట మీరు జవాబు చెప్పగలిగితే పట్టిక అక్కర్లేదు, అదే పుట్టుకొస్తుంది. కింద చెప్పే వరుసలోనే చేయండి. ముందు గీయడం, తర్వాత డిసెక్షన్, చివర్లో పేషెంట్.

1. కాగితం సిద్ధం చేసుకోండి

విడి ఎ4 కాగితం నిలువుగా పెట్టుకోండి. ఎడమ అంచున స్పైనల్ కార్డ్‌కి ఒక నిలువు పట్టీ, దానికి కాస్త కుడిగా సింపథెటిక్ చెయిన్ (వెన్నుపూసల పక్కన నిలువుగా దిగే తాడు, మధ్యమధ్యలో గ్యాంగ్లియాన్‌లు, అంటే నరకణాల ముద్దలు), ఇంకా కుడిగా లావుగా అయోర్టా, ఆ పక్కన అవయవాలకు బోలెడంత ఖాళీ. రంగులు నాలుగు కావాలి. ధమనికి ఎరుపు, ప్రీగ్యాంగ్లియోనిక్‌కి (సినాప్స్‌కి ముందున్న ఫైబర్) నీలం, పోస్ట్‌గ్యాంగ్లియోనిక్‌కి (సినాప్స్ తర్వాతది) ఆకుపచ్చ, నొప్పి తెచ్చే ఫైబర్లకు నలుపు చుక్కల గీత.

గీయడానికి ముందే ఒక విషయం తేల్చుకోవాలి, ఎందుకంటే సగం మంది గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది. కార్డ్ సెగ్మెంట్ నంబర్ వేరు, వెన్నుపూస నంబర్ వేరు. రెండింటికీ టి అంటే ఛాతీ మట్టం, ఎల్ అంటే నడుము మట్టం, ఎస్ అంటే దాని కింది మట్టం. పెద్దవాళ్లలో కార్డ్ ఎల్1 వెన్నుపూస దగ్గరే, మహా అయితే ఎల్2 పైభాగం దగ్గర, అయిపోతుంది. కాబట్టి "టి10 నుంచి నరం వస్తుంది" అన్నప్పుడు అది కార్డ్ సెగ్మెంట్, "సీలియాక్ ట్రంక్ టి12 దగ్గర పుడుతుంది" అన్నప్పుడు అది వెన్నుపూస. కాగితం మీద ఎడమ వైపు రాసే నంబర్లన్నీ సెగ్మెంట్లు, అయోర్టా పక్కన రాసేవన్నీ వెన్నుపూసలు. ఆ సంగతి పైన పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి, ఒకదానికి ఎదురుగా ఇంకొకటి గీసేయాలనే తొందర తగ్గుతుంది.

2. నీలం గీత: కార్డ్ నుంచి చెయిన్ దాకా

సింపథెటిక్ సెల్ బాడీలు కార్డ్‌లో లేటరల్ హార్న్‌లో ఉంటాయి, టి1 నుంచి ఎల్2 వరకు మాత్రమే. అక్కడి నుంచి నీలం గీత వెంట్రల్ రూట్ గుండా బయటికి వచ్చి, స్పైనల్ నర్వ్‌లో చేరి, దాని వెంట్రల్ రేమస్ నుంచి వైట్ రేమస్ అనే చిన్న కొమ్మ ద్వారా చెయిన్‌లోకి దిగుతుంది. వైట్ రేమస్ ఉండేది ఆ టి1 నుంచి ఎల్2 దాకానే, గ్రే రేమస్ మాత్రం ప్రతి స్పైనల్ నర్వ్‌కీ ఉంటుంది. వైవాలో ఇది అడగని ఎగ్జామినర్ ఉండరు.

ఇప్పుడు అసలు మలుపు. చెయ్యికో, కాలికో, పొట్ట గోడ చర్మానికో వెళ్లే ఫైబర్ అయితే చెయిన్‌లోనే సినాప్స్ చేసుకుని గ్రే రేమస్ ద్వారా వెనక్కి స్పైనల్ నర్వ్‌లోకి వెళ్లిపోతుంది. పొట్ట లోపలి అవయవాలకు వెళ్లేది అలా కాదు. అది చెయిన్‌ని దాటుకుని, అక్కడ సినాప్స్ చేసుకోకుండా, నీలంగానే లోపలి వైపుకి బయటపడుతుంది. అలా బయటపడిన కట్టనే స్ప్లాంక్నిక్ నర్వ్ అంటారు. కాబట్టి పొట్ట గోడ చర్మం మీద చెమట పట్టించే ఫైబర్, దాని కింద రెండంగుళాల లోతులో ఉన్న పేగుని ఆపే ఫైబర్, రెండూ ఒకే సెగ్మెంట్‌లో పుట్టినా వాటి సినాప్స్‌లు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఈ తేడాని గీతలో చూపించండి. ఒకే సెగ్మెంట్ నుంచి రెండు నీలం గీతలు తీసి, ఒకదాన్ని చెయిన్‌లో ఆపి ఆకుపచ్చగా మార్చండి, రెండోదాన్ని నీలంగానే ముందుకు పోనివ్వండి.

3. మూడు స్ప్లాంక్నిక్‌లు, ఆ కింద లంబార్‌వి

గ్రేటర్ స్ప్లాంక్నిక్ టి5 నుంచి టి9 దాకా వచ్చే కొమ్మలతో తయారై, డయాఫ్రమ్ క్రస్‌ని (వెన్నుపూసలకి అంటుకునే దాని కాడని) చీల్చుకుని పొట్టలోకి దిగి, సీలియాక్ గ్యాంగ్లియాన్‌లో చేరుతుంది. లెసర్ టి10, టి11 నుంచి వచ్చి ప్రధానంగా అయోర్టికోరీనల్ గ్యాంగ్లియాన్‌కి వెళ్తుంది. లీస్ట్ టి12 నుంచి వస్తుంది, రీనల్ ప్లెక్సస్‌లో (కిడ్నీ ధమని చుట్టూ ఉన్న నరాల వలలో) కలుస్తుంది, కొన్ని శరీరాల్లో అసలు కనిపించదు కూడా. పుస్తకానికీ పుస్తకానికీ ఈ నంబర్లు ఒక సెగ్మెంట్ అటూ ఇటూ మారతాయి. మనుషుల్లోనే అలా మారుతుంది కాబట్టి దాని గురించి టెన్షన్ పడకండి, మీ డిపార్ట్‌మెంట్‌లో చెప్పే నంబర్లు రాయండి చాలు.

లంబార్ చెయిన్ నుంచి సాధారణంగా నాలుగు లంబార్ స్ప్లాంక్నిక్‌లు వస్తాయి. అవి అయోర్టా ముందున్న ఇంటర్‌మెసెంటెరిక్, ఇన్ఫీరియర్ మెసెంటెరిక్, సుపీరియర్ హైపోగాస్ట్రిక్ ప్లెక్సస్‌లలో కలుస్తాయి. ఎల్3, ఎల్4 గ్యాంగ్లియాన్‌ల దగ్గర వైట్ రేమస్ లేదు కదా, మరి అక్కడి నుంచి స్ప్లాంక్నిక్ ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, ఎల్1, ఎల్2 సెగ్మెంట్ల ఫైబర్లే చెయిన్ లోపల కిందికి దిగి ఆ మట్టంలో బయటికి వచ్చాయని చెప్పండి.

4. అయోర్టా ముందుకు రండి, ఇక్కడే నీలం ఆకుపచ్చ అవుతుంది

అయోర్టా ముందు వైపు నుంచి మూడు ధమనులు గీయండి: టి12 దగ్గర సీలియాక్ ట్రంక్, ఎల్1 దగ్గర సుపీరియర్ మెసెంటెరిక్, ఎల్3 దగ్గర ఇన్ఫీరియర్ మెసెంటెరిక్. ఎల్4 దగ్గర అయోర్టా రెండుగా చీలిపోతుంది. ఇప్పుడు ప్రతి ధమని మొదట్లో ఒక గ్యాంగ్లియాన్ పెట్టండి, దాని పేరు ఆ ధమని పేరే. కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. నీలం గీతలన్నీ వచ్చి ఇక్కడ ఆగుతాయి, ఇక్కడి నుంచి ఆకుపచ్చ మొదలై, ధమని గోడని అల్లుకుని ఆ ధమని ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది.

అందుకే ఎవరైనా "స్ప్లీన్‌కి సింపథెటిక్ సప్లై చెప్పు" అంటే మీరు నరం గురించి ఆలోచించకూడదు, ధమని గురించి ఆలోచించాలి. స్ప్లీనిక్ ఆర్టరీ సీలియాక్ కొమ్మ, అంటే సీలియాక్ గ్యాంగ్లియాన్, అంటే ప్రధానంగా గ్రేటర్ స్ప్లాంక్నిక్. జీర్ణాశయం, కాలేయం, గాల్ బ్లాడర్, డ్యుయోడినమ్ పై సగం అంతా ఇదే దారి. డ్యుయోడినమ్ కింది సగం నుంచి ట్రాన్స్‌వర్స్ కోలన్‌లో మూడింట రెండు వంతుల దాకా సుపీరియర్ మెసెంటెరిక్. మిగతా కోలన్, రెక్టమ్ పైభాగం ఇన్ఫీరియర్ మెసెంటెరిక్. పాంక్రియాస్‌కి సీలియాక్, సుపీరియర్ మెసెంటెరిక్ రెండూ రక్తమిస్తాయి కాబట్టి నరాలు కూడా రెండు చోట్ల నుంచీ వస్తాయి.

వృషణాల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. అవి కిందికి దిగిపోయినా వాటి ధమని ఎల్2 దగ్గర అయోర్టా నుంచే పుడుతుంది, నరాలు దాని వెంటే వస్తాయి, సెగ్మెంట్లు టి10, టి11. క్రికెట్ బంతి కింద తగిలితే పొట్టలో మెలిపెట్టేది అందుకే.

ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని కాగితం మీద పెద్దగా గీయండి. అడ్రినల్ మెడుల్లాకి వెళ్లే నీలం గీత ఏ గ్యాంగ్లియాన్‌లోనూ ఆగదు. సీలియాక్ గ్యాంగ్లియాన్ గుండా వెళ్లినా సినాప్స్ లేకుండా దాటుకుని, నేరుగా మెడుల్లాలోని క్రోమాఫిన్ కణాల మీదే ముగుస్తుంది. ఆ కణాలు పోస్ట్‌గ్యాంగ్లియోనిక్ న్యూరాన్లు పుట్టిన న్యూరల్ క్రెస్ట్ నుంచే పుట్టాయి. తేడా ఏమిటంటే అవి తమ రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి.

సీలియాక్ ప్లెక్సస్‌లో పారాసింపథెటిక్ (సింపథెటిక్‌కి ఎదురు పనిచేసేది) కూడా ఉంటుంది, మెదడు నుంచి దిగే వేగస్ నరం నుంచి వచ్చేది. అది గ్యాంగ్లియాన్‌లో సినాప్స్ చేసుకోదు, ఊరికే దాటిపోతుంది. దాని సినాప్స్ పేగు గోడలో. కాబట్టి ప్లెక్సస్‌లో రెండూ ఉంటాయి, గ్యాంగ్లియాన్‌లో ఆగేది మాత్రం సింపథెటిక్ ఒక్కటే.

5. నలుపు చుక్కల గీత

నొప్పి తెచ్చే ఫైబర్లు అవయవం నుంచి బయల్దేరి, సింపథెటిక్ వచ్చిన దారినే వెనక్కి నడుస్తాయి. ధమని వెంట ప్లెక్సస్, స్ప్లాంక్నిక్, చెయిన్, వైట్ రేమస్, అక్కడి నుంచి డార్సల్ రూట్ గ్యాంగ్లియాన్‌లో తమ సెల్ బాడీ, చివరికి కార్డ్. మధ్యలో ఏ సింపథెటిక్ గ్యాంగ్లియాన్‌లోనూ సినాప్స్ లేదు. కార్డ్‌లో అవి చేరిన సెగ్మెంట్‌కే ఒక ముక్క చర్మం నుంచి కూడా కబురు వస్తుంటుంది కాబట్టి, మెదడు నొప్పిని ఆ చర్మం దగ్గర ఉన్నట్టు చూపిస్తుంది. జీర్ణాశయం నొప్పి ఎపిగాస్ట్రియమ్‌లో, చిన్న పేగు, అపెండిక్స్ నొప్పి బొడ్డు చుట్టూ, ఎడమ కోలన్ నొప్పి పొత్తికడుపులో. కిడ్నీ, యూరేటర్‌లో రాయి ఉంటే టి11 నుంచి ఎల్2 దాకా, అంటే నడుము నుంచి గజ్జ వైపుకి దిగుతుంది.

సిగ్మాయిడ్ మధ్య నుంచి కిందికి, పెల్విస్‌లో లోతుగా ఉన్న అవయవాల నొప్పి మాత్రం పారాసింపథెటిక్ వెంట ఎస్2 నుంచి ఎస్4కి వెళ్తుంది. అక్కడ గీత ఆపేయండి.

కాగితం పూర్తయ్యాక దాన్ని దాచేసి, ఖాళీ కాగితం మీద చూడకుండా మళ్లీ గీయండి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడే మీకు అర్థం కాలేదన్నమాట, ఆ ముక్క మాత్రం మళ్లీ చదవండి.

6. డిసెక్షన్ టేబుల్ దగ్గర

ఈ నరాలు వెతకడం పొట్టలో మొదలుపెట్టకండి, ఛాతీలో మొదలుపెట్టండి. థొరాక్స్ ముందే అయిపోయి ఉంటే ఇంకా మంచిది. ఊపిరితిత్తులు తీసేసిన తర్వాత వెనక గోడ మీది ప్లూరాని వేళ్లతోనే మెల్లగా ఒలిచేయండి. పక్కటెముకల తలల మీదుగా నిలువుగా దిగే సన్నని తాడు, మధ్యమధ్యలో ఉబ్బెత్తుగా, అదే చెయిన్. ఇంటర్‌కాస్టల్ రక్తనాళాలు, నరాలు దాని వెనక నుంచి అడ్డంగా వెళ్తాయి. ఐదో గ్యాంగ్లియాన్ దాటాక చెయిన్ నుంచి లోపలి వైపుకి, ముందుకు వాలుతూ సన్నని కొమ్మలు దిగుతాయి, అవన్నీ కలిసి వెన్నుపూసల పక్క మీద ఒక లావుపాటి నరం అవుతాయి. గ్రేటర్ స్ప్లాంక్నిక్ దొరికినట్టే. కుడి వైపు ముందు ప్రయత్నించండి, ఎడమ వైపు అయోర్టా అడ్డొస్తుంది. ఫార్మలిన్‌లో నానిన శరీరంలో వైట్ రేమస్, గ్రే రేమస్ రంగుతో తేడా పట్టలేరు, సాధారణంగా వైట్ రేమస్ బయటి వైపు ఉంటుందనేదే ఆనవాలు.

తర్వాత పొట్ట. జీర్ణాశయాన్ని, స్ప్లీన్‌ని, పాంక్రియాస్ తోకని కలిపి కుడివైపుకి తిప్పి పట్టుకోమని పక్కవాళ్లకి చెప్పండి. సీలియాక్ ట్రంక్ చాలా పొట్టి, సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతలోనే మూడుగా విడిపోతుంది. దాని చుట్టూ గట్టిగా, జిగటగా, ఎంత గీకినా రాని కణజాలం ఉంటుంది. ఇక్కడే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ధమని శుభ్రంగా కనపడాలని దాన్నంతా ఫోర్సెప్స్‌తో పీకి పారేస్తారు. మీరు పీకుతున్నదే సీలియాక్ ప్లెక్సస్. ఆగండి.

గ్యాంగ్లియాన్ కోసం ఎడమ అడ్రినల్‌ని ఆనవాలుగా పెట్టుకోండి. అడ్రినల్‌కీ సీలియాక్ ట్రంక్‌కీ మధ్య, డయాఫ్రమ్ ఎడమ క్రస్ మీద, చదునుగా, గడ్డలు గడ్డలుగా ఒక ముద్ద తగులుతుంది. లింఫ్ నోడ్ అని పొరబడటం చాలా మామూలు. నోడ్ నున్నగా ఉంటుంది, చుట్టూ శుభ్రం చేస్తే ఊడి చేతిలోకి వస్తుంది. గ్యాంగ్లియాన్ గింజలు తీసిన చింతపండు ముద్దలా ఉంటుంది, ఆకారం కుదురుగా ఉండదు, ఏ అంచు పట్టుకుని లాగినా నారలు వెంట వస్తాయి.

ఇంకా అనుమానంగా ఉంటే ఇలా చేయండి. ఒకళ్లు ఛాతీలో గ్రేటర్ స్ప్లాంక్నిక్‌ని ఫోర్సెప్స్‌తో పట్టుకుని సుతారంగా లాగి వదలాలి, ఇంకొకళ్లు పొట్టలో ఆ ముద్ద మీద వేలు ఆనించి ఉంచాలి. పైన లాగిన ప్రతిసారీ కింద ముద్ద కదిలితే అది గ్యాంగ్లియానే. బ్యాచ్‌లో ప్రతి ఒక్కరూ ఒకసారి వేలు పెట్టి చూడండి. డయాఫ్రమ్‌కి అటూ ఇటూ ఉన్నది ఒకే తాడు అని ఆ ఒక్క కదలికతో అర్థమైనట్టు ఏ బొమ్మతోనూ అర్థం కాదు. మనం చదువుకోవాలని తన శరీరాన్ని ఇచ్చిన మనిషి దగ్గర నుంచి నేర్చుకుంటున్నాం కాబట్టి, లాగడం తెగేంత గట్టిగా ఉండకూడదు.

కుడి గ్యాంగ్లియాన్ ఇన్ఫీరియర్ వీనా కేవా వెనక దాక్కుని ఉంటుంది, కేవాని పక్కకి తప్పిస్తే గానీ కనపడదు. టైమ్ లేకపోతే ఎడమది చూసి ఊరుకోండి.

లంబార్ చెయిన్‌కి సోయాస్ మేజర్ లోపలి అంచు వెంట, వెన్నుపూసల మీద వెతకండి. ఎడమ వైపు అయోర్టా పక్కనే ఉంటుంది, కుడి వైపు మళ్లీ కేవా వెనకే. సోయాస్ ముందు వైపు నుంచి పొడుచుకొచ్చి కిందికి దిగే జెనిటోఫెమోరల్ నరాన్ని చూసి ఇదే చెయిన్ అనుకుంటారు, దానికి గ్యాంగ్లియాన్‌లు ఉండవని గుర్తుంచుకోండి. చెయిన్ పొట్టలోకి వచ్చేది మీడియల్ ఆర్క్యుయేట్ లిగమెంట్ వెనక నుంచి, క్రస్‌ని చీల్చుకుని కాదు. చివరగా అయోర్టా చీలిన చోటుకి కింద, ఎల్5 ముందు, రెండు కామన్ ఇలియాక్ ధమనుల మధ్య పెరిటోనియమ్ ఒలిస్తే సన్నని వలలాగా కనిపించేది సుపీరియర్ హైపోగాస్ట్రిక్ ప్లెక్సస్. అది కుడి, ఎడమ హైపోగాస్ట్రిక్ నరాలుగా చీలి పెల్విస్‌లోకి దిగుతుంది.

7. ఇప్పుడు పేషెంట్ దగ్గరికి

క్యాజువాలిటీలో ఒక కుర్రాడు "పొద్దున బొడ్డు చుట్టూ మొదలైంది సార్, ఇప్పుడు ఇక్కడికి దిగింది" అంటాడు. చేతిని గమనించండి. మొదటి నొప్పి చూపించేటప్పుడు అరచేయి మొత్తం బొడ్డు మీద తిప్పుతాడు, రెండోది చూపించేటప్పుడు ఒక్క వేలు కుడి వైపు కింద పెడతాడు. మొదటిది అపెండిక్స్ నుంచి సింపథెటిక్ దారిలో టి10కి వచ్చిన నొప్పి, ఎక్కడుందో కచ్చితంగా చెప్పలేని నొప్పి. రెండోది వాపు పెరిటోనియమ్ గోడ పొరకి తగిలాక మామూలు స్పైనల్ నరాల మీద వచ్చింది, అందుకే వేలితో చూపించగలిగాడు. నొప్పి జరగలేదు, మోసే నరం మారింది. పేషెంట్‌ని ఎప్పుడు మొదలైందని మాత్రమే కాకుండా, ఎక్కడ మొదలైందని కూడా ఎందుకు అడగాలో ఇప్పుడు మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో కేసు. పాంక్రియాస్ క్యాన్సర్‌తో, మార్ఫిన్‌కి కూడా లొంగని నొప్పితో ఉన్న పెద్దాయన. వీపు వైపు నుంచి ఎక్స్‌రే లేదా సీటీ చూస్తూ ఎల్1 మట్టంలో సూది పెట్టి, లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో జీర్ణాశయం గోడ గుండా, సీలియాక్ ప్లెక్సస్ దగ్గర ఆల్కహాల్ ఎక్కిస్తారు. ఈ బ్లాక్‌ని మొదట వర్ణించింది జర్మన్ సర్జన్ మాక్స్ కాపిస్, 1914లో. ఇప్పుడు కాగితం తీసి, ఆ గ్యాంగ్లియాన్ మీద అడ్డంగా ఒక గీత కొట్టి, ఏమవుతుందో మీరే చెప్పండి. నలుపు గీత తెగింది, కాబట్టి నొప్పి తగ్గుతుంది. ఆకుపచ్చ తెగింది, కాబట్టి పేగుల రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది, లేచి కూర్చున్నప్పుడు మరీ పడుతుంది. పేగుని నెమ్మదింపజేసే చెయ్యి పోయింది, వేగస్‌కి అడ్డు లేదు, కాబట్టి విరేచనాలు. ఈ రెండు సైడ్ ఎఫెక్ట్‌లనీ పుస్తకాల్లో జాబితాగా ఇస్తారు, మీకు జాబితా అవసరం లేదు.

మూడోది కాస్త కష్టం, గ్రూపులో కూర్చుని చేయండి. యాక్సిడెంట్‌లో కార్డ్ టి4 దగ్గర దెబ్బతిన్న మనిషికి కొన్ని నెలల తర్వాత మూత్రాశయం నిండిపోతే బీపీ ఒక్కసారిగా విపరీతంగా పెరిగి, తలనొప్పి, ముఖమంతా చెమటలు. ఎందుకు? టి5 నుంచి కిందికి ఉన్న స్ప్లాంక్నిక్ సెగ్మెంట్లన్నీ మెదడు అదుపు తప్పిపోయాయి. కింది నుంచి వచ్చిన కబురుకి అవి తమంతట తాము స్పందించి పొట్టలోని రక్తనాళాలన్నిటినీ బిగించేశాయి, వద్దని మెదడు పంపే ఆజ్ఞ దెబ్బ తగిలిన చోటు దాటి కిందికి రాదు. సాధారణంగా టి6 లేదా అంతకంటే పైన దెబ్బ తగిలితేనే ఇది వస్తుందని పుస్తకాలు ఎందుకు అంటాయో మీ కాగితంలో గ్రేటర్ స్ప్లాంక్నిక్ మొదలైన చోటు చూస్తే తెలిసిపోతుంది. అలాంటి పేషెంట్ ఎదురైతే ముందు లేపి కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, కెథెటర్ మడతపడిందేమో చూడండి, సీనియర్‌ని పిలవండి.